రీసెట్ చేశాక ల్యాప్‌టాప్ ఆన్ అవ్వట్లేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

"రీసెట్ కొట్టాను మావయ్యా, ఇప్పుడు ఆన్ అవ్వట్లేదు." పోయిన సెమిస్టర్‌లో ఓ రాత్రి పదిన్నరకు మా మేనకోడలు ఫోన్ చేసి అన్న మాట ఇది. రీసెట్ అంటే విండోస్‌ను మళ్ళీ కొత్తగా ఎక్కించే ఆప్షన్. మర్నాడు పొద్దున ప్రాజెక్ట్ సబ్మిషన్. ఇదే ప్రశ్న తరచూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, దాదాపు ఇదే మాటతో. అందుకే ఒకసారి వరసగా రాసి పెడుతున్నాను.

"ఆన్ అవ్వట్లేదు" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. అసలు లైటే వెలగకపోవడం ఒకటి. లైటు వెలిగి స్క్రీన్ నల్లగా ఉండటం ఇంకొకటి. కంపెనీ లోగో దగ్గర ఆగడం, నీలం స్క్రీన్ రావడం, ఒకే మెసేజ్ మళ్ళీ మళ్ళీ రావడం, ఇవన్నీ వేరు వేరు జబ్బులు, వేరు వేరు మందులు. ఆ అమ్మాయికి లోగో వచ్చింది, చుక్కలు తిరిగాయి, ఇంగ్లిష్‌లో ఓ బాక్స్ వచ్చింది, ఓకే నొక్కితే మళ్ళీ మొదటికొచ్చింది. అంటే మెషిన్ శుభ్రంగా ఉంది, విండోస్ సగం ఎక్కి ఆగింది, అంతే. అరగంట పని.

కింద చెప్పేదంతా విండోస్ 10, 11 ఉన్న ల్యాప్‌టాప్‌లకు. మ్యాక్‌బుక్‌కు దారి వేరు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఛార్జర్. ఫోన్ ఛార్జర్‌తో సరిపెట్టకండి.
- పనిచేసే ఇంకో విండోస్ కంప్యూటర్, ఓ గంట సేపు.
- కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి. అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి పెళ్ళి ఫోటోలున్నది తేవద్దు.
- ఫైళ్లు దాచుకోవడానికి ఇంకో పెన్‌డ్రైవ్ లేదా ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్.
- మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్.
- ఆండ్రాయిడ్ ఫోన్, దాని డేటా కేబుల్. ఎందుకో చివర్లో చెప్తాను.
- ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదున్న మోడల్ నంబర్. ఫోటో తీసి పెట్టుకోండి.

1. నిజంగా ఆగిపోయిందా, ఇంకా పని చేస్తోందా?

ఎక్కువ ల్యాప్‌టాప్‌లు పాడయ్యేది రీసెట్ వల్ల కాదు, రీసెట్ మధ్యలో పవర్ బటన్ నొక్కడం వల్ల. ఎస్‌ఎస్‌డీ (కొత్త రకం, వేగమైన డిస్క్) ఉంటే గంట, గంటన్నరలో అయిపోతుంది. పాత హార్డ్‌డిస్క్ అయితే మూడు నాలుగు గంటలు పట్టడం మామూలే. "డ్రైవ్‌ను పూర్తిగా క్లీన్ చేయి" అన్న ఆప్షన్ కూడా పెట్టి ఉంటే ఇంకా ఎక్కువ. పర్సంటేజీ ఒకే అంకె దగ్గర గంటసేపు కూర్చోవచ్చు. క్లౌడ్ డౌన్‌లోడ్ (విండోస్‌ను నెట్ నుంచి దించుకునే ఆప్షన్) ఎంచుకుంటే దాదాపు 4 జీబీ దిగాలి, అది మీ నెట్ స్పీడ్‌ను బట్టి ఉంటుంది.

నా లెక్క ఇది: ఎస్‌ఎస్‌డీ అయితే అంకె కదలకుండా రెండు గంటలు, హార్డ్‌డిస్క్ అయితే రాత్రంతా చూస్తాను. ఛార్జర్ పెట్టి, పొద్దున్న లేచి చూడండి. కరెంటు పోయే ఊరైతే బ్యాటరీ కాసేపైనా ఆగుతుందో లేదో ముందే చూసుకోవాలి. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌లో రీసెట్ మొదలుపెట్టడమే మొదటి తప్పు.

ఆ గడువు దాటాకే పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుని ఆపండి.

2. లైటు లేదు, లేదా లైటు ఉండి స్క్రీన్ నలుపు

ఇక్కడ విండోస్ సంగతి తర్వాత. ముందు నిల్వ ఉన్న కరెంటు తీసేయాలి.

ఛార్జర్ పీకండి. మౌస్, పెన్‌డ్రైవ్, హెచ్‌డీఎంఐ కేబుల్, మెమరీ కార్డ్ అన్నీ తీసేయండి. బ్యాటరీ బయటికొచ్చే పాత మోడల్ అయితే అదీ తీయండి. పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టుకోండి. వదిలేసి, ఛార్జర్ ఒక్కటే పెట్టి మామూలుగా ఆన్ చేయండి. వినడానికి చిట్కా వైద్యంలా ఉంటుంది కానీ నలుపు స్క్రీన్ కేసులు చాలా ఇక్కడే తేలిపోతాయి.

ఇంకా నలుపేనా? బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే, ల్యాప్‌టాప్ సొంత సెట్టింగ్‌ల ప్రోగ్రామ్) కూడా రీసెట్ చేసి ఉంటే, లేదా ర్యామ్ తీసి పెట్టి ఉంటే, కొత్త మోడళ్ళు మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటాయి. పది నిమిషాలు ఆగండి. తర్వాత ఈ మూడూ చూడండి:

- క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోందా? అయితే లోపల ప్రాణం ఉంది, స్క్రీన్ దగ్గరే తేడా. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. విండోస్ నడుస్తుంటే గ్రాఫిక్స్ మళ్ళీ మొదలవుతుంది.
- గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చ్‌ను స్క్రీన్‌కు ఏటవాలుగా పెట్టి చూడండి. లోగో నీడలాగా కనిపిస్తే బ్యాక్‌లైట్ పోయింది, విండోస్‌తో సంబంధం లేదు. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి పెట్టి ధ్రువపరుచుకోండి.
- లైటు ఒక లెక్క ప్రకారం మిణుకుతోందా, బీప్‌లు వస్తున్నాయా? ఎన్నిసార్లో, ఏ రంగులో లెక్కపెట్టి రాసుకోండి, వీడియో తీస్తే ఇంకా మేలు. మీ మోడల్ సపోర్ట్ పేజీలో ఆ లెక్కకు అర్థం ఉంటుంది. ఎక్కువసార్లు ర్యామ్ అని తేలుతుంది.

వెనక మూత విప్పి ర్యామ్ తీసి పెట్టడం తెలిసినవాళ్ళు చేయొచ్చు. లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదీయకుండా మాత్రం ముట్టుకోవద్దు. వారంటీ ఉంటే అసలు విప్పొద్దు.

3. లోగో వస్తోంది కానీ ముందుకు కదలట్లేదు: బయాస్‌లో డిస్క్ ఉందా?

లోగో వచ్చిందంటే స్క్రీన్, ర్యామ్, ప్రాసెసర్ బాగున్నాయి. ఇక మిగిలింది డిస్క్, దాని మీదున్న విండోస్.

ఆన్ చేయగానే బయాస్ కీ టకటకా నొక్కుతూ ఉండండి. డెల్, ఏసర్, ఆసుస్, చాలా లెనోవోలకు ఎఫ్2. థింక్‌ప్యాడ్‌కు ఎఫ్1. హెచ్‌పీకి ఎస్కేప్ నొక్కి మెనూ వచ్చాక ఎఫ్10. కొన్నింటిలో ఎఫ్ఎన్ కీ కూడా కలపాలి.

లోపల స్టోరేజ్ లేదా ఇన్ఫర్మేషన్ పేజీలో మీ ఎస్‌ఎస్‌డీ పేరు కనిపించాలి. కనిపించకపోతే ఇంక విండోస్ రిపేర్లు చేసి లాభం లేదు. డిస్క్ వదులైంది, లేదా పోయింది. రీసెట్ అంటే డిస్క్ మీద చాలా చదివి రాసే పని, అప్పటికే చివరి దశలో ఉన్న డిస్క్ ఆ బరువు మోయలేదు. నిజానికి ల్యాప్‌టాప్ స్లో అయిందని రీసెట్ కొట్టేవాళ్ళలో కొందరికి ఆ స్లోకి అసలు కారణం డిస్కే.

డిస్క్ కనిపిస్తోంది కానీ "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలం స్క్రీన్ వస్తోందా? బయాస్‌లో "లోడ్ డిఫాల్ట్స్" ఎవరైనా నొక్కారేమో గుర్తు తెచ్చుకోండి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అని, డిస్క్‌తో ఎలా మాట్లాడాలో చెప్పే ఒక సెట్టింగ్ ఉంటుంది. కొంచెం పాతవాటిలో ఇదే రెయిడ్, ఏహెచ్‌సీఐ అన్న పేర్లతో కనిపిస్తుంది. విండోస్ ఎక్కించినప్పుడు ఏది ఉందో అదే ఉండాలి, మారితే విండోస్‌కు డిస్క్ కనపడదు. ఇప్పుడున్నది ఫోటో తీసి, రెండోదానికి మార్చి, ఎఫ్10తో సేవ్ చేసి చూడండి. పని చేయకపోతే ఉన్నదానికే మళ్ళీ మార్చేయండి. రెండు మూడు సెట్టింగ్‌లు ఒకేసారి మార్చకండి, తర్వాత ఏది ఏం చేసిందో తెలియదు.

4. రిపేర్ స్క్రీన్ తెప్పించుకోండి

ఆన్ చేయండి. లోగో కింద చుక్కలు తిరగడం మొదలవగానే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపండి. ఇలా రెండుసార్లు. మూడోసారి ఆపకుండా వదిలేస్తే "ఆటోమేటిక్ రిపేర్" అని వస్తుంది. మొదట ఆపొద్దని, ఇప్పుడు ఆపమంటున్నాడేంటి అనుకోకండి: రీసెట్ పర్సంటేజీ నడుస్తుండగా ఆపకూడదు, అది అయిపోయి లేదా చచ్చిపోయి మామూలుగా బూట్ అవుతున్నప్పుడు, అంటే విండోస్ తెరుచుకోబోతున్నప్పుడు, ఆపొచ్చు.

తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ట్రబుల్‌షూట్, మళ్ళీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. ముందు స్టార్టప్ రిపేర్ ఒక్కసారి నడపండి. కుదరలేదంటే మళ్ళీ మళ్ళీ నడపడం దండగ. కనపడుతోంది కదా అని ఇంకో రీసెట్ మాత్రం ఇప్పుడే కొట్టకండి. "కీప్ మై ఫైల్స్" అని మొదటిసారి చేసినవాళ్ళు, టెన్షన్‌లో రెండోసారి "రిమూవ్ ఎవ్రీథింగ్" నొక్కేస్తారు. ఫైళ్లు పోయేది అక్కడే.

ఒక చిన్న సంగతి. 2025 అక్టోబర్‌లో విండోస్ 11కు వచ్చిన ఒక అప్‌డేట్ వల్ల ఈ రిపేర్ స్క్రీన్‌లో యూఎస్‌బీ కీబోర్డ్, మౌస్ పనిచేయకుండా పోయాయి. కొద్ది రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ సరిచేసింది కానీ ఆ సవరణ ఎక్కని ల్యాప్‌టాప్‌లో మౌస్ కదలకపోతే అది మౌస్ తప్పు కాదు. ల్యాప్‌టాప్ సొంత కీబోర్డ్ వాడండి, అదీ కుదరకపోతే 7వ మెట్టులోని పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి అక్కడి నుంచి రిపేర్‌లోకి వెళ్ళండి.

అలాగే రీసెట్ చివర్లో "రీసెట్ చేయడంలో సమస్య వచ్చింది, ఏమీ మార్చలేదు" అని వచ్చి పాత విండోస్ మళ్ళీ తెరుచుకుంటే అదృష్టమే. 2025 ఆగస్టు అప్‌డేట్ విండోస్ 10లోనూ, 11 పాత వెర్షన్లలోనూ రీసెట్‌నే చెడగొట్టింది, ఆ నెల 19న సవరణ వచ్చింది. అప్‌డేట్లు పూర్తి చేసి మళ్ళీ ప్రయత్నించండి.

*బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) కీ అడిగితే:* నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. భయపడకండి, వైరస్ కాదు. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయి, డివైసెస్‌లో రికవరీ కీస్ చూడండి. స్క్రీన్ మీదున్న కీ ఐడీ, అకౌంట్‌లో ఉన్న కీ ఐడీ కలవాలి. ఇంట్లో ఇద్దరి ముగ్గురి అకౌంట్లు ఉంటే అందరివీ చూడండి. ల్యాప్‌టాప్ కొన్నరోజు షాపువాళ్ళు ఎవరి మెయిల్‌తో సెటప్ చేశారో చాలామందికి గుర్తుండదు. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే కీ ఐటీ వాళ్ళ దగ్గర ఉంటుంది. కీ దొరకకపోతే ఆ డిస్క్‌లోని ఫైళ్లు ఎవరికీ తెరుచుకోవు. "మేం తీసిస్తాం" అని అడ్వాన్స్ అడిగేవాళ్ళకు డబ్బు కట్టకండి.

5. ఏం చేసినా ముందు ఫైళ్లు బయటికి

ఇది నోట్‌ప్యాడ్‌తో చేసే పని. నవ్వొస్తుంది కానీ పనికొస్తుంది.

రిపేర్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ) తెరవండి. రెండో పెన్‌డ్రైవ్ పెట్టండి. నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కండి. అందులో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద "ఆల్ ఫైల్స్" ఎంచుకోండి. ఇప్పుడు ఆ చిన్న కిటికీయే మీ ఎక్స్‌ప్లోరర్. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు, అందులో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్. రైట్ క్లిక్ చేసి కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్ళి పేస్ట్.

రెండు జాగ్రత్తలు. ఇక్కడ సి డ్రైవ్ కాస్తా డి అనో ఈ అనో కనిపించొచ్చు, లోపల విండోస్, యూజర్స్ ఫోల్డర్లు ఉన్నది ఏదో తెరిచి చూసి ఆ అక్షరం రాసుకోండి. ఇక పేస్ట్ చేశాక ఎంత అయిందో ఏమీ చూపదు, కిటికీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. కదిలించకుండా ఆగండి. ఒక్కసారే 50 జీబీ ఎత్తకుండా ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ తీసుకోండి. చివర్లో పెన్‌డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి నాలుగైదు ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. పేర్లు కనిపిస్తే చాలదు.

మొదటి రీసెట్‌లోనే "రిమూవ్ ఎవ్రీథింగ్" పెట్టి ఉంటే ఈ మెట్టు దాటేయండి.

6. సగంలో ఆగిన విండోస్‌ను కదపడం

*(అ) "కంప్యూటర్ అనుకోకుండా రీస్టార్ట్ అయింది, ఇన్‌స్టలేషన్ కొనసాగదు" అన్న బాక్స్ తిరిగి తిరిగి వస్తుంటే.* మా మేనకోడలి కేసు ఇదే. ఆ బాక్స్ మూయకుండా, ఓకే నొక్కకుండా, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి. నల్ల కిటికీ వస్తుంది. రాకపోతే ఎఫ్ఎన్ కూడా కలపండి. రెజ్‌ఎడిట్, అంటే ఆర్ ఇ జి ఇ డి ఐ టి, కొట్టి ఎంటర్. ఎడమవైపు వరసగా ఒక్కొక్కటే తెరవండి: లోకల్ మెషిన్ అని చివర ఉన్నది, సిస్టమ్, సెటప్, స్టేటస్, చైల్డ్ కంప్లీషన్. కుడివైపు సెటప్ డాట్ ఇఎక్స్ఇ మీద రెండుసార్లు నొక్కితే విలువ 1 అని ఉంటుంది. దాన్ని 3 చేసి ఓకే. అన్నీ మూసి, ఇప్పుడు ఆ బాక్స్‌లో ఓకే నొక్కండి. రీస్టార్ట్ అయి మిగతా పని తానే పూర్తి చేసుకుంటుంది.

ఫోన్‌లో ఆ అమ్మాయి "సెటప్ అని రెండు కనిపిస్తున్నాయి మావయ్యా" అంది. సిస్టమ్ కిందున్న ఫోల్డర్ ఒకటి, చివర్లో మార్చాల్సిన పేరు ఒకటి, తికమక పడొద్దు. అంకె తప్ప వేరే ఏదీ మార్చొద్దు. పదకొండుంపావుకు "హాయ్" అని స్క్రీన్ వచ్చింది.

*(ఆ) "బూట్ డివైస్ లేదు" అని వస్తుంటే, బయాస్‌లో మాత్రం డిస్క్ కనిపిస్తుంటే.* బూట్ ఫైళ్లు మళ్ళీ రాయాలి. రిపేర్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఫోన్‌లో చెప్పినట్టే చెప్తాను, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి: బి సి డి బి ఓ ఓ టి, ఒక స్పేస్, విండోస్ ఉన్న డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, విండోస్. బూట్ ఫైళ్లు విజయవంతంగా తయారయ్యాయని ఒక లైన్ వస్తే పనైనట్టే. విఫలమైందని వస్తే డ్రైవ్ అక్షరం తప్పు అయ్యుండొచ్చు, 5వ మెట్టులో రాసుకున్నది చూడండి.

ఇదే కిటికీలో డిస్క్ తప్పులు కూడా చూడొచ్చు: సి హెచ్ కె డి ఎస్ కె, స్పేస్, డ్రైవ్ అక్షరం, కోలన్, స్పేస్, స్లాష్, ఎఫ్. ఫైళ్లు బయటికి తీశాకే ఇది.

7. ఏదీ కుదరలేదా? పెన్‌డ్రైవ్‌తో కొత్తగా

ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే మీడియా క్రియేషన్ టూల్ దించి 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేయండి. ఎవరో ఇచ్చిన "యాక్టివేటెడ్ విండోస్" పెన్‌డ్రైవ్‌లు వద్దు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, మీ మెషిన్ 11కు అర్హమైతే 11 వేయడమే మంచిది.

ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి: డెల్, లెనోవో, ఏసర్‌కు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్‌కు ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పలకకపోతే బయాస్‌లో ఆ మెనూను ముందు ఎనేబుల్ చేయాలి. పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. ప్రాడక్ట్ కీ అడిగితే "నా దగ్గర లేదు" అనండి. మునుపు విండోస్ హోమ్ ఎడిషన్ ఉంటే హోమే ఎంచుకోండి, నెట్ రాగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. లైసెన్స్ మదర్‌బోర్డ్‌తో ముడిపడి ఉంటుంది. కీ కొనాలని ఎవరైనా చెప్తే అవసరం లేదు.

ఇక్కడ చాలామంది బెదిరిపోయే చోటు ఒకటుంది: ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలి అన్న పేజీలో లిస్ట్ ఖాళీగా ఉంటుంది. డిస్క్ పోయిందనుకుంటారు. పోలేదు. పైన చెప్పిన వీఎండీ మహిమే. మీ మోడల్ సపోర్ట్ పేజీలో ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ (విండోస్‌కు డిస్క్‌ను చూపించే చిన్న ప్రోగ్రామ్) దించి, దాన్ని విప్పి (ఎక్స్‌ట్రాక్ట్ చేసి), ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, "లోడ్ డ్రైవర్" నొక్కి చూపించండి. విప్పకుండా ఇఎక్స్ఇ ఫైల్‌నే వేస్తే పనిచేయదు.

లిస్ట్‌లో మీ డి డ్రైవ్ కూడా కనిపిస్తుంది. అన్ని పార్టిషన్లూ (డిస్క్‌లోని భాగాలు) డిలీట్ చేయమని వీడియోల్లో చెప్తుంటారు, డి లో డేటా ఉంటే అలా చేయకండి. సైజును బట్టి ఏది సి, ఏది డి అని గుర్తుపట్టాకే చేయి పెట్టండి.

సెటప్‌లో వైఫై కనిపించక ముందుకు పోకపోతే, ఫోన్‌ను డేటా కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేయండి. అందుకే కేబుల్ దగ్గర పెట్టుకోమన్నాను.

8. నిజంగా బాగైందా?

డెస్క్‌టాప్ కనిపించగానే మూత వేసేయకండి.

- విండోస్ అప్‌డేట్ "ఇంకేమీ లేవు" అనేదాకా నడపండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులు ఉండకూడదు.
- పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, బ్యాటరీ మీద ఆన్ చేయండి. మూడుసార్లు. రీస్టార్ట్ వేరు, షట్‌డౌన్ వేరు, రెండూ చూడాలి.
- మూత మూసి పది నిమిషాలాగి తెరవండి. నలుపు స్క్రీన్ వస్తే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను కంపెనీ సైట్ నుంచి వేయండి.
- క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అన్న ఉచిత ప్రోగ్రామ్‌లో డిస్క్ ఆరోగ్యం "గుడ్" ఉండాలి. "కాషన్" అని పసుపు కనిపిస్తే ఈ విండోస్ ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేం, ఫైళ్లు అందులో దాచొద్దు.
- "కీప్ మై ఫైల్స్" రీసెట్ అయితే డెస్క్‌టాప్ మీద తీసేసిన యాప్‌ల లిస్ట్ ఒకటి ఉంటుంది. టాలీ, ప్రింటర్, తెలుగు కీబోర్డ్ లాంటివి ఏవి పోయాయో అందులో చూసుకోండి.
- బిట్‌లాకర్ కీ ఇప్పుడే కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. కొత్తగా వేసిన విండోస్ 11, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, మీరు అడగకుండానే డిస్క్‌ను లాక్ చేస్తోంది. కీ కూడా కొత్తదే.

2వ మెట్టులోనే ఆగిపోయినవాళ్ళు, 3లో డిస్క్ కనపడనివాళ్ళు షాపుకు వెళ్ళక తప్పదు. వెళ్ళినప్పుడు "ఆన్ అవ్వట్లేదు" అనకండి. రీసెట్ ఎన్ని పర్సెంట్ దగ్గర ఆగింది, లైటు ఎన్నిసార్లు మిణికింది, బయాస్‌లో డిస్క్ ఉందా లేదా, ఇవి చెప్పండి. డిస్క్ లోపల మీ ఫైళ్లు ఉంటే "డేటా కావాలి, అడగకుండా ఫార్మాట్ చేయొద్దు" అని రసీదు మీద రాయించుకుని, ఆ రసీదు ఫోటో తీసుకోండి.